సాల్మన్ ఫ్లై రాడ్: కొసలో తగ్గిన గ్రాము చేతికి చేసే మేలు

ఫ్లైతో (ఈకలు, దారం చుట్టిన తేలికపాటి గాలంతో) సాల్మన్ చేపను పట్టే ఒక రాడ్ బరువు 240 గ్రాములు, పక్కనే ఉన్న ఇంకోదాని బరువు 225 గ్రాములు అనుకోండి. రెండూ 14 అడుగులవే. కాగితం మీద చూస్తే రెండోదే తేలిక. కానీ నీళ్లలో నిలబడి మూడు గంటలు విసిరాక మొదటిదే హాయిగా ఉండొచ్చు. భుజాన్ని అలసగొట్టేది మొత్తం బరువు కాదు, ఆ బరువు చేతికి ఎంత దూరంలో ఉందన్నదే. 14 అడుగుల రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుంటే పై చేతి నుంచి కొస దాకా సుమారు 3.5 మీటర్లు ఉంటుంది. తిప్పేటప్పుడు బరువు చేసే అడ్డు, దూరం వర్గం లెక్కన పెరుగుతుంది. చేతికి 35 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గ్రాముతో పోలిస్తే కొసలో ఉన్న గ్రాము 100 రెట్లు అడ్డు పెడుతుంది. దీన్ని ఊపు బరువు అందాం.

అందుకే కొత్త డిజైన్ అని ఏది బయటికొచ్చినా నేను చూసేవి రెండే. కొస వైపు నుంచి ఏం తగ్గించారు? ఏ లైన్‌ను (ఫ్లైని మోసుకెళ్లే బరువైన దారాన్ని) మనసులో పెట్టుకుని చేశారు? ఈ రెండింటికీ సరైన జవాబు లేకపోతే మిగతా హంగులన్నీ రంగు, వార్నిషే.

ఊపు బరువు తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. రీల్ పెట్టకుండా రాడ్‌ను బిగించి, పై పిడి దగ్గర రెండు చేతులతో పట్టుకుని, నేలకు సమాంతరంగా ఉంచండి. అడ్డంగా ఒకసారి చిన్నగా ఊపి టక్కున ఆపేయండి. కొసను చూడండి. మంచి రాడ్ ఒకటి రెండు సార్లు ఊగి నిలబడిపోతుంది. కొస బరువైన రాడ్ నాలుగైదు సార్లు ఊగుతూనే ఉంటుంది. విసిరినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మీరు చేయి ఆపేశాక కొస కిందికి వంగి, మళ్లీ పైకి లేచి, ఆ అలలన్నీ లైన్‌లోకి పంపిస్తుంది. గాల్లో లైన్ పాములా మెలికలు తిరుగుతుంటే తప్పు ప్రతిసారీ చేతిది కాదు.

పొడవు ఎందుకు వచ్చింది, ఎందుకు తగ్గుతోంది

స్కాట్లాండ్‌లో స్పే నది ఒడ్డు చాలాచోట్ల చెట్లతో, నిటారు గట్లతో ఉంటుంది. వెనక్కి లైన్ పారేసే చోటు లేదు. అందుకే లైన్‌ను వెనక్కి పూర్తిగా చాచకుండా, నీటి మీద కొంత ఆనించి, పక్కన డి అక్షరం ఆకారంలో లూప్ చేసి ముందుకు విసిరే పద్ధతి 19వ శతాబ్దంలో అక్కడ పుట్టింది. నది పేరే ఆ విసురుకు పేరైంది. అప్పటి రాడ్‌లు గయానా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్ కలపతో చేసినవి. 18 అడుగుల రాడ్ కిలో దాటేది. ఇన్వర్నెస్‌కు చెందిన అలెగ్జాండర్ గ్రాంట్ ఫిడేలు పనితనం తెలిసిన మనిషి. రాడ్ మొదలు నుంచి కొస దాకా కంపనం ఎక్కడా తెగకుండా సాగాలని ఆయన పట్టుబట్టాడు. అందుకే లోహపు గొట్టాల అతుకులు తీసేసి, ఏటవాలుగా చెక్కిన రెండు కొసలను పక్కపక్కన పెట్టి పట్టీతో చుట్టి బిగించేలా గ్రాంట్ వైబ్రేషన్ రాడ్‌ను తయారు చేశాడు. ఇవాళ్టి కార్బన్ రాడ్ చేసేవాళ్లు అతుకుల మీద పెడుతున్న శ్రద్ధ అంతా ఆ ఆలోచనకు కొనసాగింపే.

తర్వాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వెదురును ఆరు త్రికోణపు పేళ్లుగా చీల్చి అతికించిన రాడ్‌లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాజుపోగు వచ్చింది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో 1960ల్లో గట్టి కార్బన్ పోగు తయారీ కుదిరింది. 1973లో ఫెన్విక్ కార్బన్ ఫ్లై రాడ్‌ను అమ్మకానికి తెచ్చింది. ఈ ఒక్క మార్పుతో రెండు చేతుల రాడ్ బరువు బాగా పడిపోయింది.

కానీ ఆ తర్వాత వచ్చిన అసలు మలుపు రాడ్‌లో లేదు, లైన్‌లో ఉంది. స్వీడన్‌లో గోరన్ ఆండర్సన్ పొట్టి హెడ్ (లైన్ ముందుండే బరువైన భాగం), పొడవాటి లీడర్ (హెడ్‌కూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి దారం) వాడి, కింది చేతిని ఒంటి వైపు లాగుతూ విసిరే పద్ధతిని స్థిరపరిచాడు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు స్కాగిట్ నది మీద 1990ల్లో ఇంకా పొట్టిగా, ఇంకా బరువుగా ఉండే హెడ్‌లు వచ్చాయి. బరువైన ఫ్లైని, హెడ్ ముందు తగిలించే మునిగే కొసను నీళ్లలోంచి లేపడానికి అవి పుట్టాయి. హెడ్ పొట్టిదైతే దాన్ని నీటి మీద నుంచి లేపడానికి 16 అడుగుల రాడ్ అక్కర్లేదు. 12 నుంచి 13 అడుగులు చాలు. రాడ్ పొట్టిదైతే ఊపు బరువు దానంతటదే పడిపోతుంది. సులువుగా విసరాలనుకునే వాళ్లకు గత నలభై ఏళ్లలో దొరికిన పెద్ద వరం ఇదేనని నా నమ్మకం. ఏ కొత్త రెజిన్ (కార్బన్ పోగులను పట్టి ఉంచే జిగురు) కూడా దీనికి సాటి రాదు.

మోటుగా లెక్క ఇలా ఉంటుంది. స్కాగిట్ హెడ్ రాడ్ పొడవుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. స్కాండీ హెడ్, అంటే ఆండర్సన్ తరహాది, రెండున్నర నుంచి మూడు రెట్లు. పాత తరహా స్పే లైన్ మూడున్నర రెట్లు, ఆపైన. 13 అడుగుల రాడ్‌కు 38 అడుగుల స్కాండీ హెడ్ చక్కగా సరిపోతుంది. అదే రాడ్‌తో 65 అడుగుల బెల్లీ (లావు భాగం) ఉన్న లైన్ విసరబోతే డి లూప్‌కు ఎత్తు చాలదు, లైన్ నీటికి అతుక్కుపోతుంది. చేతకాక అనుకుంటారు గానీ అక్కడ తప్పు కొలతది.

గొట్టం లోపల ఏముంది

బ్లాంక్ అంటే గైడ్లు (లైన్ సాగే రింగులు), పిడి లేని ఉత్త గొట్టం. రెజిన్ పట్టించిన కార్బన్ పోగు షీటును కత్తిరించి, కొసకు సన్నబడే ఉక్కు కడ్డీ మీద చుట్టి, పైన టేపుతో బిగించి, కొలిమిలో ఉడికిస్తారు. తర్వాత కడ్డీని లాగేస్తే గొట్టం మిగులుతుంది. రాడ్ స్వభావం మూడింటి మీద ఆధారపడుతుంది: కడ్డీ సన్నబడే తీరు, షీటు కత్తిరించిన ఆకారం, పోగులు ఏ దిశలో ఉన్నాయన్నది. పొడవునా సాగే పోగులు వంపుకు ఎదురు నిలుస్తాయి. చుట్టూ తిరిగే పోగులు గొట్టం నలగకుండా కాస్తాయి.

ఈ రెండో పని చాలామంది పట్టించుకోరు. గొట్టాన్ని వంచితే గుండ్రని కోత అండాకారంలోకి చదునవుతుంది. వట్టి కాగితపు గొట్టాన్ని వంచి చూడండి, మడత పడే ముందు అది చదునవడం కంటికి కనిపిస్తుంది. చదునైన కొద్దీ గట్టిదనం పోతుంది. అప్పుడు రాడ్ ఎంత బలం పెట్టినా ముందుకు తన్నదు, మెత్తగా కూలబడుతుంది. దీన్ని ఆపడానికి పాతకాలంలో లోపల గాజుపోగు నేత పొర వేసేవారు. బరువు పెరిగేది. ఇప్పుడు అదే పనికి పలచని కార్బన్ పొరను అడ్డంగానో ఏటవాలుగానో వేస్తున్నారు. షిమానో వాళ్ల స్పైరల్ ఎక్స్ పద్ధతిలో లోపలి పొర ఒక దిక్కుకు, బయటి పొర దానికి ఎదురు దిక్కుకు టేపులా చుట్టుకుని ఉంటుంది. మెలి తిరగడాన్ని అది బాగా అడ్డుకుంటుంది. స్పే విసురులో లైన్ దిశ మారుతుంది కాబట్టి రాడ్ వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. తలమీదుగా నేరుగా విసిరే ఒంటిచేతి రాడ్ కంటే రెండు చేతుల రాడ్‌కు ఈ పొర ఎక్కువ అవసరం.

రెజిన్ సంగతి. కార్బన్ పోగు లాగుడుకు బాగా తట్టుకుంటుంది, నొక్కుడుకు అంత తట్టుకోదు. వంగిన రాడ్‌లో లోపలి వైపు పోగులు నొక్కుడులో ఉంటాయి, విరుగుడు అక్కడే మొదలవుతుంది. రెజిన్‌లో అతి చిన్న సిలికా రేణువులు కలిపితే ఆ పోగులు పక్కకు మడత పడకుండా గట్టిగా పట్టి ఉంచుతాయి. హార్డీ తన సింట్రిక్స్ రాడ్‌లలో త్రీఎం వారి అలాంటి రెజిన్‌నే వాడింది. అదే బలానికి తక్కువ పదార్థం చాలు కాబట్టి గోడ పలచబడుతుంది, కొస తేలికవుతుంది. ఈ మార్పు చేతికి తెలుస్తుంది.

మాడ్యులస్ ఎక్కువ అని గొప్పగా రాసి ఉన్న రాడ్‌ల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. మాడ్యులస్ అంటే పోగు గట్టిదనం. అది పెరిగిన కొద్దీ అదే గట్టిదనానికి తక్కువ పోగు చాలు, నిజమే. కానీ అలాంటి పోగు విరిగే ముందు సాగే శాతం తగ్గుతుంది. రాడ్ మొత్తం దానితోనే చేస్తే దెబ్బకు ఓర్వదు. పని ఎరిగిన తయారీదారు మొదలు భాగంలో గట్టి పోగు వేసి, కొస భాగంలో కాస్త సాగే పోగు వేస్తాడు. కొస ఎక్కువగా వంగే చోటు, రాయికీ కొమ్మకీ తగిలే చోటు కూడా అదే.

వేగం అనే మాట

ఫాస్ట్ యాక్షన్ అంటే కొస మూడో వంతే ఎక్కువగా వంగి, మొదలు బిగుసుకుని ఉండటం. ప్రోగ్రెసివ్ అంటే బలం పెరిగేకొద్దీ వంపు నడుముకూ, అక్కడి నుంచి పిడి దాకా దిగడం. చేయి తిరిగినవాడి చేతిలో ఫాస్ట్ రాడ్ ఇరుకైన లూప్ చేసి గాలిని చీలుస్తుంది. కానీ దానికి సరైన క్షణం చాలా చిన్నది. పావు సెకను ముందే తోస్తే లూప్ చెదురుతుంది. నడుము దాకా వంగే రాడ్ ఆ క్షణాన్ని సాగదీస్తుంది, బరువు ఎక్కిన సంగతి పిడిలోనే తెలుస్తుంది. కొత్తవాళ్లకూ, రోజంతా నీళ్లలో ఉండేవాళ్లకూ నేను చెప్పేది ప్రోగ్రెసివ్ రాడే.

లేబుల్ మీది మాటను నమ్మకుండా కొలుచుకోవచ్చు. విలియం హానెమన్ అనే అమెరికన్ కామన్ సెంట్స్ అనే పద్ధతి చెప్పాడు. ఒక్కొక్కటి 2.5 గ్రాములుండే ఒక సెంటు నాణేలతో రాడ్‌ను తూచడం అది. పిడిని గుడ్డ చుట్టి బిగించి, కొస నేలకు సమాంతరంగా ఉండేలా రాడ్‌ను నిలపాలి. కొసకు పలచని ప్లాస్టిక్ సంచి తగిలించి, కొస రాడ్ పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా నాణేలు వేయాలి. 14 అడుగుల రాడ్‌కు ఆ దిగుడు 142 సెంటీమీటర్లు. మామూలు బల్ల ఎత్తు చాలదు, నిచ్చెన పైమెట్టుకు బిగించాలి. నాణేల బదులు ఏ తూకపు రాళ్లయినా పర్వాలేదు, చివరికి గ్రాముల్లో బరువు తెలిస్తే చాలు. ఆ బరువు రాడ్ బలం. ఆ వంపులో కొస, సమాంతర రేఖతో చేసే కోణం యాక్షన్: 59 డిగ్రీల లోపు నిదానం, 59 నుంచి 66 మధ్యస్థం, 66 పైన వేగం. ఈ సంఖ్యలు ఒంటిచేతి రాడ్‌ల కోసం పెట్టినవే అయినా, రెండు సాల్మన్ రాడ్‌లను పక్కపక్కన పోల్చడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. రెండింటి మీదా తొమ్మిది అనే లైన్ నంబరు రాసి ఉండి, ఒకటి ఇంకోదానికంటే చాలా గట్టిగా తేలడం మామూలే.

అతుకులు

సాల్మన్ రాడ్ విరిగితే ఎక్కువగా అతుకు దగ్గరే విరుగుతుంది. కారణం చాలాసార్లు ఒకటే: అతుకు వదులవడం. స్పే విసురులో మెలి ఉంటుంది కదా, ఒక్కో విసురుకూ పై ముక్క వెంట్రుకవాసి తిరుగుతుంది. విసిరే కొద్దీ కాస్త కాస్త పైకి జారుతుంది. అప్పుడు లోపలి ముక్క బయటి ముక్క అంచుకు మాత్రమే ఆనుతుంది, బలమంతా ఆ అంచు మీద పడి గొట్టం నిలువునా చీలుతుంది.

బిగించే తీరు ఇది. ముందు లోపలికి వెళ్లే భాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఇసుక రేణువు కూడా లేకుండా చూడాలి. దాని మీద మామూలు కొవ్వొత్తిని రెండు గీతలు రుద్ది, వేలితో పలచగా పాకించాలి. తొడుగు అతుకు అయితే గైడ్లను 60 నుంచి 90 డిగ్రీలు పక్కకు ఉంచి, తోస్తూ తిప్పుతూ వరసకు తేవాలి. లోపల బందు ఉండే స్పిగట్ అతుకు అయితే తిప్పకుండా నేరుగా తోయాలి. కొత్త స్పిగట్ బిగించాక రెండు ముక్కల మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు మిగలాలి. అది లోపం కాదు, అరుగుదలకు వదిలిన చోటు. ఆ సందు పూర్తిగా మూసుకుపోయిందంటే అతుకు అరిగిపోయినట్టే, సరిచేయించాలి.

తర్వాత టేపు. కరెంటు పనికి వాడే పీవీసీ టేపును అతుకుకు మూడు సెంటీమీటర్ల కింద మొదలుపెట్టి, ఒక్కో చుట్టు ముందు చుట్టును సగం కప్పేలా ఏటవాలుగా పైకి తీసుకెళ్లి, అతుకు దాటాక మూడు సెంటీమీటర్ల దాకా చుట్టి, అక్కడే తెంపాలి. తెంపేటప్పుడు చివరి రెండంగుళాలను లాగకుండా వదులుగా అంటిస్తే సాయంత్రానికి కొస లేవదు. మూడు అతుకులకీ కలిపి ఐదు నిమిషాల పని. రాత్రికి తీసేయాలి. రోజుల తరబడి ఉంచితే టేపు కింద చేరిన తడి వార్నిష్‌ను తెల్లబరుస్తుంది. జిగురు మిగిలితే స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవాలి.

అతుకు పట్టేస్తే ఒక్కరే లాగొద్దు, గైడ్లను పట్టుకుని అసలే తిప్పొద్దు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఇద్దరూ ఒక్కో చేయి అతుకుకు ఈ పక్కన, ఒక్కో చేయి ఆ పక్కన పెట్టి, ఒకే లెక్కకు నేరుగా లాగాలి. నాలుగు చేతులు అలా కలిస్తే రాడ్ వంగే అవకాశం ఉండదు.

గైడ్లు, పిడి

కొస తేలికపడాలంటే గైడ్లు తేలికపడాలి. అడుగుకు ఒకటి చొప్పున, ఆపైన ఒకటి అన్నది పాత కొలత. రెండు కాళ్ల స్నేక్ గైడ్‌కు రెండు చోట్ల దారం, రెండు చోట్ల ఎపాక్సీ (జిగురు పూత) పడుతుంది. ఒంటికాలి గైడ్‌కు ఒక్కచోటే. లోహం కంటే దారం, ఎపాక్సీల బరువే చాలాసార్లు ఎక్కువ, కాబట్టి కొస ముక్కలో ఒంటికాలి గైడ్లు వేస్తే ఊపు బరువు గట్టిగా తగ్గుతుంది. నికెల్ టైటానియం తీగతో చేసిన గైడ్లు వంగినా మళ్లీ నిటారవుతాయి, తుప్పు పట్టవు, తేలికగానూ ఉంటాయి. సాల్మన్ రాడ్‌కు ఒక్కటే షరతు: రంధ్రం చిన్నది కాకూడదు. హెడ్ వెనక వచ్చే సన్నటి రన్నింగ్ లైన్‌కూ హెడ్‌కూ మధ్య లూప్ ముడి ఉంటుంది. అది కొస గైడ్‌లోంచి రాడ్ లోపలికి వచ్చేటప్పుడు ఆగితే, చేప ఒడ్డుకు చేరబోయే క్షణంలో తన్నుకున్నప్పుడు లీడర్ తెగుతుంది. కొనే ముందు మీ లూప్ ముడిని కొస గైడ్ గుండా రెండు వైపులా లాగి చూసుకోండి. టక్కుమని తగలకూడదు.

పిడిలో వచ్చిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది, పనితనం మాత్రం పెద్దది. రెండు చేతుల రాడ్ ఒక లీవర్. పై చేయి ఇరుసు, కింది చేయి ఇంజను. పాతకాలపు పొడవాటి పై పిడి, చేతులను భుజాల వెడల్పు కంటే దూరంగా పెట్టమని ఊరిస్తుంది, దాంతో పై చేతితో తోయడం అలవాటవుతుంది. పొట్టి హెడ్‌ల కోసం చేసిన కొత్త రాడ్‌లలో పై పిడి పొట్టిది, పట్టుకునే చోట సన్నగా ఉంటుంది. కింది పిడి చివర గుండ్రని గుబ్బ ఉంటే రెండు మూడు వేళ్లతోనే లాగొచ్చు. కార్క్‌లో గుంటలకు పూడ్చిన పొడి తొందరగా రాలిపోతుంది, అందుకే పూడ్పు తక్కువ ఉన్నదాన్ని ఏరుకోవాలి.

రీల్‌తో తూకం గురించి ఒక అపోహ ఉంది. బరువైన రీల్ పెడితే రాడ్ తేలికవుతుందంటారు. నిలబెట్టి పట్టుకున్నప్పుడు కొస వాలడం తగ్గుతుంది, అంతే. తిప్పేటప్పటి అడ్డు రవ్వంత కూడా తగ్గదు. లైన్ నింపిన రీల్ పెట్టి, హెడ్‌ను కొస బయట వదిలి చూస్తే తూగే చోటు పై చేతి కింద పడాలి. అంతకు మించి బరువు దండగ.

హెడ్‌ను రాడ్‌కు కుదర్చడం

ఒంటిచేతి లైన్‌లకు ఉన్న నంబరు మొదటి 30 అడుగుల బరువును చెబుతుంది: ఎనిమిది అంటే 210 గ్రెయిన్లు, తొమ్మిది 240, పది 280. రెండు చేతుల రాడ్ మీది ఎనిమిది దీనికి సంబంధం లేని ఎనిమిది. దానికి స్కాండీ హెడ్ 520 గ్రెయిన్ల చుట్టుపక్కల, అంటే 34 గ్రాములు పడుతుంది. స్కాగిట్ హెడ్ ఇంకో 30 నుంచి 60 గ్రెయిన్లు బరువుంటుంది. గ్రాముకు 15.43 గ్రెయిన్లు. కాబట్టి నంబరు చూసి లైన్ కొనడం మానేసి గ్రాములు చూసి కొనండి.

ఒక రాడ్‌కు సరైన బరువు కచ్చితంగా దొరకాలంటే కోసి చూడాల్సిందే. కోయడానికి వీలైన హెడ్‌ను రెండు మూడు గ్రాములు ఎక్కువ బరువున్నది తీసుకుని, నీళ్ల మీద పది విసురులు వేయండి. ముందుకు తోసేటప్పుడు రాడ్ ఆలస్యంగా లేస్తోందా, హెడ్ వెనక భాగం కుంగుతోందా? వెనక నుంచి, అంటే రన్నింగ్ లైన్ కలిసే లావు కొస నుంచి 15 సెంటీమీటర్లు కోయండి. అక్కడ అడుగుకు సుమారు గ్రాము ఉంటుంది కాబట్టి ఒక్కో కోతకు అర గ్రాము పోతుంది. మళ్లీ పది విసురులు. ఉన్నట్టుండి ఒక కోత దగ్గర లూప్ ముడుచుకుని, లైన్ చేతిలోంచి దానంతటదే దూసుకుపోతుంది. అక్కడ ఆపాలి. ఇంకోటి కోస్తే ఇంకా బాగుంటుందేమో అన్న ఆశ పుట్టేది కూడా అక్కడే. కోసింది మళ్లీ అతకదు. ముందు కొసను మాత్రం ముట్టుకోవద్దు. ఆ సన్నదనమే ఫ్లైని మెత్తగా దించుతుంది.

స్కాండీ హెడ్‌కు లీడర్ కనీసం రాడ్ పొడవంత ఉండాలి. పొట్టిదైతే నీటి పట్టు చాలక యాంకర్, అంటే నీటి మీద ఆనే లైన్ కొస, జారుతుంది. స్కాగిట్ హెడ్‌కు ముందు 10 నుంచి 15 అడుగుల మునిగే కొస తప్పనిసరి. ఆ కొస మీద రాసే టీ 14 అంటే అడుగుకు 14 గ్రెయిన్లు, టీ 11 అంటే 11.

డబుల్ స్పే, మెల్లగా

ఎంత మంచి రాడ్ అయినా ఒక విసురైనా సరిగ్గా వస్తేనే దాని సుఖం తెలుస్తుంది. నేర్చుకోవడానికి డబుల్ స్పే మంచిది, ఎందుకంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు. నది వైపు నిలబడితే నీరు ఎడమ నుంచి కుడికి పారుతోందనుకుందాం. కుడి చేయి పైన. గాలి దిగువకు వీచేటప్పుడు ఇది భద్రం. గాలి ఎగువకు వీస్తుంటే వేయొద్దు, ఫ్లై ముఖం మీదికి వస్తుంది.

లైన్ దిగువకు తిన్నగా సాగి ఉంది. రాడ్ కొస నీటిని తాకుతూ మొదలవ్వాలి, లైన్‌లో వదులు ఉండకూడదు. రాడ్‌ను నెమ్మదిగా భుజం ఎత్తు దాటేదాకా లేపి, ఒంటికి అడ్డంగా ఎగువకు తీసుకెళ్లి కొసను దించండి. హెడ్ ముందు భాగం మీకు దిగువన, రాడ్ పొడవంత దూరంలో నీటి మీద ఆగాలి, మీ ముందుకు దాటి రాకూడదు. ఇక్కడ ఆగండి. ఇప్పుడు రాడ్‌ను దిగువ వైపు, నీటికి దగ్గరగా మొదలుపెట్టి కాస్త కాస్త పైకెక్కుతూ వెనక్కి తిప్పండి. లైన్ నీటి మీద నుంచి తెల్లగా ఒలుచుకుంటూ లేస్తుంది. కుడి భుజం వెనక డి లూప్ నిండగానే రాడ్ కొస నిటారుకు కాస్త వెనగ్గా, పై చేయి చెవి ఎత్తులో, కింది చేయి ఛాతీకి జానెడు ముందు ఉండాలి. కింది చేతిని పక్కటెముకల వైపు లాగుతూ, పై చేతితో ఇరుసులా ఆపి పట్టి, రాడ్ ఎత్తులోనే ఠక్కున ఆపండి.

తప్పులు ఎక్కువగా నాలుగు చోట్ల జరుగుతాయి. వెనక్కి తిప్పేటప్పుడు కొస మధ్యలో కిందికి కుంగితే లైన్ నీటికి అతుక్కుని, ముందుకు తోసినప్పుడు సగం బలం దాన్ని ఊడదీయడానికే పోతుంది. యాంకర్ పడుకున్న దిశ, మీరు విసరబోయే దిశ ఒక్కటి కాకపోతే లైన్ మూల తిరిగి లేవాలి, దూరం పోతుంది. పాదాలను, యాంకర్‌ను, గురిని ఒకే వరసలోకి తెచ్చుకుంటే సరిపోతుంది. వెనక నుంచి కొరడా చప్పుడు వినిపిస్తే యాంకర్ ఊడి ఫ్లై గాల్లోకి లేచిందన్నమాట. తిప్పే వేగం తగ్గించండి, లేదా లీడర్ పెంచండి. నాలుగోది పై చేతి తోపు. లూప్ పెద్ద గుమ్మంలా తెరుచుకుని, లైన్ ముందు కుప్పగా పడుతుంది. దీనికి మంచి మందు: పై చేతిని బొటనవేలు, రెండు వేళ్లతో మాత్రమే పట్టుకుని ఇరవై విసురులు వేయడం. తోయడానికి పట్టే లేకపోతే కింది చేయి తనంతట తానే పని అందుకుంటుంది.

పదకొండు అడుగుల స్విచ్ రాడ్‌ల మాట. చిన్న నదులకు, ఐస్‌లాండ్ లాంటి చోట్ల సన్నటి పాయలకు బాగుంటాయి. ఒంటిచేత్తోనూ విసరొచ్చని చెబుతారు గానీ, పూటంతా అలా విసిరితే మణికట్టు పట్టేస్తుంది. దాన్ని పొట్టి రెండు చేతుల రాడ్‌గానే చూసుకుని పొట్టి హెడ్ వేయండి.

చేప పడ్డాక రాడ్‌ను నిటారు దాటి వెనక్కి వంచొద్దు. అప్పుడు బరువంతా సన్నటి కొస మీద పడి అక్కడే విరుగుతుంది. రాడ్‌ను పక్కకు, నీటికి దగ్గరగా వంచితే వంపు మొదలు దాకా దిగి, చేప తొందరగా అలుస్తుంది. వదిలేయాల్సిన చేపకు ఆ కొద్ది నిమిషాల తేడాయే ప్రాణం. ఇత్తడి గొట్టపు ఫ్లైలు వాడేవాళ్లు వారానికోసారి కొస ముక్కను వెలుతురులో తిప్పి, గోరుతో పొడవునా గీకి చూసుకోవాలి. విసురులో గురి తప్పిన ఫ్లై తగిలిన చోట వార్నిష్ మీద గింజంత తెల్లమచ్చ ఉంటుంది. గోరు అక్కడ పట్టుకుంటే లోపల పోగు తెగినట్టే, ఆ ముక్కను మార్చేదాకా రాడ్‌ను నదికి తీసుకెళ్లకండి.